ఊపిరితిత్తుల్లో నీరు

తెనాలిలో అభినవ్ వాళ్ల వంటింట్లో మూడు కంచాలు గట్టుమీద ఉన్నాయి. నాలుగోది పెరట్లో కుళాయి పక్కన బోర్లించి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది ఆ ఇంటి కోడలు కావేరిది.

ఈ రోజుల్లో ఇలాంటి ఇళ్లు ఎక్కడున్నాయండీ అని పాఠకులు అడగవచ్చు. ఉన్నాయి. ఏసీలు బిగించుకుని, ఎరువుల వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసుకుని, చదువుకున్న కోడళ్లను తెచ్చుకున్న ఇళ్లే అవి.

కావేరికి విజయవాడలో ఆపరేషనై పన్నెండు రోజులైంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తీయించామని అభినవ్ తన తల్లి ధనమ్మకు చెప్పాడు. పచ్చి అబద్ధం! కావేరి చేయించుకున్నది రొమ్ముల పరిమాణం పెంచే ఆపరేషన్. కూతురు శ్రీజ పాలు మానిన నాటి నుంచి ఆ మహానుభావుడు భార్య ఛాతీ మీద వేయని వేళాకోళం లేదు. "నిన్ను ముందునుంచి చూస్తే ఆడదానివో మగాడివో తెలియట్లేదు" అన్నాడొకసారి. నవ్వుతూ అన్నాడు కాబట్టి అది హాస్యమట! నాలుగేళ్లు ఆ హాస్యాన్ని భరించి, ఇక భరించలేక ఆమె కత్తికి ఒప్పుకుంది. ఆస్పత్రివాళ్లు జాగ్రత్తలన్నీ రాసిచ్చిన కాగితాలు తల్లి కంటపడతాయని అభినవ్ వాటిని తన ఎరువుల కొట్లో బీరువాలో పెట్టి తాళం వేశాడు.

గొడవ ఐదో రోజున మొదలైంది. స్కూలుకు బయలుదేరుతున్న శ్రీజకు బూట్లు తొడగబోయి కావేరి ముందుకు వంగింది. ఛాతీలోంచి బుడబుడమని చప్పుడు వచ్చింది, సగం నీళ్లున్న సీసా కదిపినట్టు.

"నానమ్మా, అమ్మలో నీళ్లున్నాయి!" అని కేకపెట్టింది శ్రీజ.

ధనమ్మ వచ్చి నిలబడింది. "ఏదీ, మళ్లీ వంగు."

కావేరి వంగింది. మళ్లీ అదే చప్పుడు.

"ఒరేయ్ అభీ! నీరంతా తియ్యలేదురా వాళ్లు! మా పిన్ని కూతురికి ఇట్టాగే మొదలై చివరికి క్షయ అని తేలింది. ఏంటమ్మాయ్, మీ వైపు ఎవరికన్నా ఉందా? దాచిపెట్టి మాకు అంటగట్టారా?"

అభినవ్ ఇడ్లీ తింటూ తల ఎత్తలేదు. ఒక్క మాటతో పోయేది, ఆ ఒక్క మాటా అతని నోట రాలేదు.

కంచం ఆ మధ్యాహ్నమే పెరట్లోకి వెళ్లింది. సాయంత్రానికి రేపల్లె నుంచి ఆడపడుచు మాధురి వచ్చింది. "పిల్లకి అంటుకుంటే ఎవరిది బాధ్యత వదినా?" అంటూ, ఏడుస్తున్న శ్రీజను ఎత్తుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా ఆ ఏడుపు వినబడుతూనే ఉంది. కావేరి గుమ్మం దాటబోతే ధనమ్మ అడ్డంగా నిలబడింది.

ఆ తరవాత గదిలో ఒంటరిగా కావేరి తన ఒంటికే భయపడింది. ఉన్నట్టుండి లోపల కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనేది. రొమ్ము కింద చర్మం మాత్రం గిల్లినా తెలిసేది కాదు. ఏది మామూలో ఏది ముప్పో ఎవరిని అడగాలి? ఆస్పత్రి ఫోన్ నంబరు కూడా ఆ కాగితాల్లోనే ఉండిపోయింది.

"ఏమండీ, ఆ కాగితాలు తెచ్చివ్వండి. అత్తయ్యగారికి నిజం చెప్పేద్దాం. నాకు శ్రీజ కావాలండి."

"చెప్పావంటే నా పరువేంగాను? తెనాలంతా నవ్వుద్ది. నోరు మూసుకుని పడుండు, అదే తగ్గుద్ది."

పదకొండో రోజున ధనమ్మ రాళ్ల ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. "నేను తాకను, నువ్వే పెట్టుకో. కాపడం నీటిని లాగేస్తుంది. చప్పుడు ఆగిన రోజున నీ కూతుర్ని పిలిపిస్తా."

కూతురి మాట వినగానే కావేరి మరేమీ ఆలోచించలేదు. మూటను రొమ్ము కింద ఆనించింది. వేడి తెలియలేదు. చాలదేమోనని ఇంకా గట్టిగా అదిమింది. రవికె విప్పి చూసుకునేసరికి చర్మం ఎర్రగా కమిలి, అరచేతి మేర బొబ్బలెక్కింది.

తెనాలిలో తెలిసినవాళ్లు కనబడతారని మర్నాడు అభినవ్ ఆమెను బాపట్ల తీసుకెళ్లాడు. క్షయో కాదో తేల్చుకోవాలని ధనమ్మా వెంట వచ్చింది. డాక్టర్ భ్రమరాంబ గాయం చూసి నిర్ఘాంతపోయింది.

"ఊపిరితిత్తుల్లో నీరు, మేడం..." అంటూ అభినవ్ మొదలుపెట్టాడు.

"అబద్ధమండీ" అంది కావేరి. ఆపరేషన్ సంగతి, దానికి ముందు నాలుగేళ్ల సంగతి, ఆ తరవాత చప్పుడు, జివ్వుమనడం, పెరట్లో కంచం, ఉప్పు కాపడం ఏదీ దాచకుండా చెప్పింది.

"ఛీ ఛీ! పిల్లతల్లివి, ఇదేం పోయేకాలం?" అని ధనమ్మ విరుచుకుపడింది.

"మీరు కాసేపు ఊరుకోండమ్మా" అంది డాక్టరు గట్టిగా. "ఆ ఆపరేషన్ తరవాత లోపల కాస్త గాలీ నీరూ ఉండిపోతాయి. కదిలితే చప్పుడవుతుంది. కొన్ని వారాల్లో ఒళ్లే పీల్చుకుంటుంది. జివ్వుమనడం నరాలు కోలుకోవడం. తిమ్మిరెక్కిన చోట వేడి పెడితే కాలేదాకా తెలియదు. జ్వరమొచ్చినా, ఒక పక్క ఎర్రబడి వాచినా మాత్రం పరుగున రావాలి. ఇదంతా కాగితం మీద రాసే ఇస్తారు. ఏవయ్యా ఆ కాగితాలు?"

"కొట్లో ఉన్నాయి" అన్నాడు అభినవ్.

"నిజంగా క్షయే అయినా పరీక్ష చేయించి మందులిప్పిస్తారు గానీ, కంచం పెరట్లో పెట్టి కూర్చోరు. ఈ పుండు చీము పడితే ఈవిడకి మళ్లీ కత్తి తప్పదు. తెలుస్తోందా?"

కట్టు కట్టించుకుని బయటికి రాగానే కావేరి మాధురికి ఫోన్ చేసింది. "నాకు క్షయ లేదు మాధురీ. మీ అన్నయ్య వెక్కిరింతలు పడలేక రొమ్ములకి ఆపరేషన్ చేయించుకున్నాను. శ్రీజ కోసం వస్తున్నా."

"అందరికీ చాటింపు వేస్తావా? నా పరువు..." అంటూ అభినవ్ ఫోన్ లాక్కోబోయాడు.

కావేరి చేయి విదిలించుకుంది. "మీరు దాచింది పరువు కాదండీ, మీ నోటి దురుసు. ఇక దాన్ని నా ఒంట్లో దాచుకోను."

రేపల్లె బస్సు వచ్చింది. ఒక చేత్తో కట్టును అదిమిపట్టుకుని ఆమె ఎక్కింది. ధనమ్మ తిట్లు ఇంకా ఆగలేదు.

అయ్యా, భార్య ఒంటిని ఎగతాళి చేసే నోరే ఆ ఇంటికి పట్టిన రోగం. దాన్ని కప్పిపుచ్చినంత కాలం కాలేది ఆడదాని ఒళ్లే.