కుడివైపుకు జారిన పాట

ఎనిమిదేళ్లు పడగ్గదిలో, బీరువాకూ మంచానికీ మధ్య ఇరుక్కున్న బల్ల మీదే రోహిణి తన పనంతా చేసింది. గురజాల చుట్టుపక్కల ఎవరికి పెళ్లి పాట కావాలన్నా, చర్చి పాట కావాలన్నా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్ల గొంతు రికార్డు చేసి, వాద్యాలు కలిపి, పాటగా చేసి ఇచ్చేది. మొన్న జూలైలో మేడమీద ఆమె కోసమే ఒక గది లేచింది. రెండు చిన్న స్టూడియో స్పీకర్లనూ భర్త గోపీచంద్ చంటిపిల్లల్లా చంకనెత్తుకుని పైకి తెచ్చాడు. అతను దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్.

ఆ రోజు రోహిణికి కొంచెం జలుబుగా ఉంది. ఎడమ చెవి దిబ్బడ వేసి, లోపల సన్నగా ఈల వేస్తున్నట్టుంది. అయినా ఆగలేకపోయింది. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ తన తలకూ అంతే దూరం ఉండాలని టేపు పెట్టి కొలిచింది. చెవుల ఎత్తుకు వచ్చేలా కింద నాపరాయి ముక్కలు పేర్చింది. కుర్చీలో కూర్చుని, దేవమ్మ పాడిన కొత్త పాట పెట్టింది.

నట్టనడుమ నుంచి వినిపించాల్సిన గొంతు కుడివైపుకు జారి వినిపించింది.

"కుడి పక్క గోడుంది, ఎడమ పక్క కిటికీ ఉంది. గోడకు తగిలి అటు మోత ఎక్కువవుతున్నట్టుందండీ," అంది రోహిణి.

"అంతే అయ్యుంటది. కొంచెం ఇవతలకి లాగు," అన్నాడు గోపీచంద్, టేపు రెండో కొస పట్టుకుని.

లాగింది. గొంతు కదల్లేదు. స్పీకరు పాడైందేమోనని కుడిది ఎడమకూ, ఎడమది కుడికీ మార్చింది. అదే తీరు. అయితే తప్పు గదిదేనని గట్టిగా నమ్మింది. హెడ్‌ఫోన్‌లో ఎడమ వైపు వైరు ఎప్పుడో తెగింది కాబట్టి అందులో విని చూద్దామన్న ఆలోచనే రాలేదు. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునే అలవాటు.

రోజుకో చోట పెట్టి చూసింది. పెట్టిన ప్రతి చోటా నేల మీద సుద్దతో గీత గీసి, పక్కన తారీకు వేసింది. నాపరాళ్ల నేల మోగుతోందని జంబుఖానా పరిచింది. కిటికీకి దుప్పట్లు కట్టింది. జలుబు తగ్గింది గానీ చెవిలో ఈల తగ్గలేదు.

"చెవి ఇంకా దిబ్బడగానే ఉందండీ," అంది ఒక పొద్దున.

"జలుబు చేసిన చెవి అట్టాగే ఉంటదిలే. రెండు చుక్కలు మందేసుకో," అని గోపీచంద్ బస్సుకు పరిగెత్తాడు.

చివరికి విసిగి, కంప్యూటర్లో గొంతును తనే ఎడమకు నెట్టి సరిపెట్టుకుంది. ఇప్పుడు నడుమకు వచ్చింది. వచ్చి వినమని దేవమ్మకు కబురు పెట్టింది.

దేవమ్మ పత్తి చేలో కలుపు తీస్తూ, ఆదివారాలు చర్చిలో పాడే మనిషి. కుర్చీలో కుదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని పాటంతా విన్నది. విని మొహమాటంగా అంది:

"చానా బాగుందమ్మా. కానీ ఏంది, నా గొంతంతా ఆ కిటికీ కాడ్నించే వస్తంది?"

"మధ్యలో నుంచి కదా పిన్నీ వస్తోంది?"

"కాదమ్మాయ్. నాకేం తెలుసులే గానీ, అటే వస్తంది."

దేవమ్మ వెళ్లాక రోహిణి గొంతును మళ్లీ యథాస్థానంలో పెట్టి పాట మోగించి, కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చుంది. గోడ ఇప్పుడు ఎడమ పక్కన ఉంది, తప్పు గోడదే అయితే గొంతు అటే పోవాలి.

గొంతు కుడివైపే వినిపించింది.

కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుంది. పాట ఎక్కడో గోతిలో పడ్డట్టు పోయింది.

మర్నాడు ఇద్దరూ గుంటూరు వెళ్లారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి కాగితం ముందు పెట్టుకుంది.

"చెవి నరం దెబ్బతిన్నది. ఎన్ని రోజులైంది?"

"ఇరవై ఆరు," అంది రోహిణి. సుద్దతో వేసిన తారీకులన్నీ ఆమెకు నోటికి వచ్చు.

"ఇన్ని రోజులు ఏం చేశారమ్మా? మొదటి వారంలో వచ్చి ఉంటే మందులతో కొంతైనా తిరిగొచ్చేదేమో. ఇప్పుడూ ఇంజెక్షన్లు ఇద్దాం. ఆశ మాత్రం పెట్టుకోకండి."

ఇన్ని రోజులూ స్పీకర్లు జరుపుతూ కూర్చున్నారు. గోపీచంద్ తల వంచుకున్నాడు. తిరుగు బస్సులో నరసరావుపేట దాటాక, "చుక్కలేసుకోమన్నది నేనేగా," అన్నాడు. ఆమె ఎడమ పక్కన కూర్చున్నాడు. ఇంజను మోతలో ఆమెకు ఆ మాట వినపడలేదు. అతను మళ్లీ అనలేదు.

నాలుగు వారాలు చెవిలోకి ఇంజెక్షన్లు పడ్డాయి. ఏమీ తిరిగి రాలేదు, ఈల తప్ప ఏమీ మిగల్లేదు. రోహిణి దేవమ్మ పాటను నరసరావుపేటలో మరొకాయనకు పంపి, పూర్తి చేసి ఇమ్మంది. ఎవరైనా ఫోన్ చేస్తే, "ఇప్పుడు చెయ్యట్లేదండీ," అని పెట్టేసేది. కారణం అడిగితే ఆరోగ్యం బాలేదని చెప్పేది.

ఒక సాయంత్రం దేవమ్మ కొత్త చీర కట్టుకుని, ఫోనులో పాట వినిపించడానికి వచ్చింది. చర్చిలో అందరూ మెచ్చుకున్నారట. బల్ల మీద ఫోను పెట్టి, రోహిణి మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"ఎట్టుందమ్మా? నువ్వు చెబితేనే నాకు నమ్మకం."

రోహిణి తల అటు తిప్పి, ఇటు తిప్పి విన్నది. దేవమ్మ గొంతు తెలుస్తోంది, మాటలు తెలుస్తున్నాయి. ఆ గొంతు వాద్యాల నడుమ నిలబడిందో లేదో, ముందుకు వచ్చిందో వెనకే ఉండిపోయిందో మాత్రం ఎంత విన్నా తెలియలేదు. ఎనిమిదేళ్లలో తనకు తెలియని మాట పాడినవాళ్లకు ఎన్నడూ చెప్పలేదు.

"బాగుంది పిన్నీ," అంది.

దేవమ్మ మొహం విప్పారింది. "ఇంకో పాట కట్టుకున్నానమ్మాయ్. ఒళ్లు కుదుటపడ్డాక నువ్వే చెయ్యాలి," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

రోహిణి లేచి, ఆ రెండు స్పీకర్ల వైర్లూ పీకి చుట్టడం మొదలుపెట్టింది.