మీర్గుల్ వేసిన తాళం

కలిచా ముఖం రోజురోజుకీ పీక్కుపోతోంది. అది చూసినప్పుడల్లా పక్కింటి సాయ్రగుల్‌కి కలిచా కోడలు మీర్గుల్ మీద అనుమానం ముదురుతోంది.

నరీన్ ఊరి చివర కొండ కింది వీధి వాళ్ళది. వయసులో ఉండగా ఆ ముసలమ్మలిద్దరూ సర్కారీ గొర్రెల ఫారంలో పక్కపక్కనే కూర్చుని ఉన్ని కత్తిరించినవాళ్ళు. కలిచా కొడుకు బొగ్గు గనిలో పనిచేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. మీర్గుల్ బడి క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. పనికి పోయేటప్పుడు అత్తని లోపలుంచి తలుపుకి తాళం వేసి మరీ పోతుంది.

ఆ తాళం సాయ్రగుల్‌కి కంట్లో నలుసైంది. కిటికీ దగ్గర నిలబడి గట్టిగా అరిస్తేగానీ కలిచాకి వినపడదు. వినపడ్డాక అద్దానికి ముఖం ఆనించి ఒకటే గోడు. "నిన్నట్నుంచీ నాకేమీ పెట్టలేదే. రొట్టె బీరువాలో పెట్టి తాళమేసింది. నా వెండి జుంకాలు కూడా లాగేసుకుంది."

జుంకాల మాట నిజమే. అవి మీర్గుల్ చెవులకే వేలాడుతున్నాయి. "మా అత్తకి మతి నిలవట్లేదు, సాయ్రగుల్ అపా" అని ఆ పిల్ల పెద్దావిడన్న గౌరవంతో పిలిచి ఒకటి రెండుసార్లు చెప్పబోయింది. ముసలిదానికి పిచ్చని ముద్రవేసి ఇల్లు రాయించుకునే ఎత్తుగడ అనుకుంది సాయ్రగుల్.

ఒకనాడు నీళ్ళ పంపు దగ్గర ఇక ఆగలేకపోయింది. "జుంకాలు బాగానే అమిరాయే నీకు! అత్తని పస్తులు పెట్టి చంపితే ఇల్లు కూడా అమరుతుంది!"

బకెట్లతో నిలబడ్డ ఆడవాళ్ళంతా మీర్గుల్ వంక తిరిగారు. ఆమె ముఖం పాలిపోయింది. జేబులోంచి తాళాల గుత్తి తీసి సాయ్రగుల్ చేతిలో పెట్టింది.

"రేపు నేను పనినుంచి వచ్చేదాకా మా అత్త దగ్గర మీరే ఉండండి. బీరువా తాళంచెవి కూడా ఇందులోనే ఉంది."

ఇందులో ఏం మెలిక ఉందోనని సాయ్రగుల్‌కి మళ్ళీ అనుమానమే. అందుకే మర్నాడు మాంసం చారు తనే కాచి పట్టుకెళ్ళింది. కలిచా రెండు గిన్నెలు తాగి, అడుగున మిగిలింది రొట్టెముక్కతో తుడుచుకుని తింది. ఫారంలో గొర్రెల్ని ముంచే మందునీళ్ళ తొట్టిలో మేస్త్రీ పడ్డ సంగతి ఎత్తుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వించింది.

"నీకు మతిపోయిందంటోందే నీ కోడలు!"

"దానికే పోయింది!"

సాయ్రగుల్ పొంగిపోయింది. బొగ్గు తెద్దామని పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కలిచా పొయ్యిలో నిప్పులు కదిపే ఊచ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవత్తివే నువ్వు?"

"నేనేనే, సాయ్రగుల్‌ని!"

"సాయ్రగుల్ పడుచుపిల్ల. నువ్వు ముసలిదానివి. నా చారంతా తాగేశావు కదూ? నిన్నట్నుంచీ నాకొక్క ముక్క పెట్టకుండా!" ఆమె పెదాల మీద కొవ్వు ఇంకా మెరుస్తూనే ఉంది. కిటికీ దగ్గరికెళ్ళి అద్దం బాదడం మొదలుపెట్టింది. "దొంగ! దొంగ!"

ఎదురింటి అసీల్‌కాన్ పరుగెత్తుకొచ్చింది. వణుకుతున్న కలిచాని చూసింది, ఖాళీ గిన్నెలు చూసింది, సాయ్రగుల్‌ని ఎగాదిగా చూసింది. "అసలు ఆవిడకేమైనా పెట్టావా?"

"రెండు గిన్నెలు తాగింది!" అంది సాయ్రగుల్. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది. నిన్న పంపు దగ్గర మీర్గుల్‌ని తను చూసిన చూపు కూడా ఇలాంటిదే.

మీర్గుల్ వచ్చేసరికి సాయ్రగుల్ తల వంచుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"జుంకాలు బూడిద బకెట్‌లో దొరికాయి అపా, రెండుసార్లు. నా చెవులకి కాక ఇంకెక్కడ దాచను? తిన్న సంగతి గుర్తుండక మళ్ళీ తిని కక్కుకుంటుంది. పోయిన చలికాలం మేజోళ్ళతోనే ఏటి ఒడ్డుదాకా వెళ్ళిపోయింది. అందుకే తాళం."

"ఊరి నర్సేమంటోంది?"

"రక్తపోటు ఏళ్ళ తరబడి ఉందట, మందే వాడలేదు. చెవులు పోయి మనుషులతో మాటే తగ్గిపోయింది. బడి మొహం చూసింది లేదు. ఇవన్నీ ఉన్నవాళ్ళకి మతి పోయే ముప్పు ఎక్కువట. మనలాంటి ఇళ్ళల్లో ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారట, బయటికి చెప్పుకోరు."

"నువ్వూ చెప్పలేదుగా!"

"చెప్పాను. మీరే వినలేదు."

సాయ్రగుల్ మర్నాడే పంపు దగ్గరికెళ్ళి, నోరు పారేసుకున్నది తనేనని అందరిముందూ ఒప్పుకుంది. కొందరు నమ్మారు. ఈవిడకి ఆ కోడలు ఏం ముట్టజెప్పిందోనని కొందరు గుసగుసలాడారు. ఆనాటినుంచి మీర్గుల్ పనికి పోతే కలిచా దగ్గర సాయ్రగులే కూర్చుంటోంది. కొన్నిరోజులు తను స్నేహితురాలు, కొన్నిరోజులు దొంగ.

మంచు కరిగాక ఒకరోజు తనూ నర్సు దగ్గరికి వెళ్ళింది. రక్తపోటు చూడ్డానికి చేతికి చుట్టిన పట్టీ బిగుసుకుంటుంటే దాన్ని గుర్రుగా చూసింది.

"ఈమధ్య ఏమైనా మరిచిపోతున్నారా అపా?" అనడిగింది నర్సు.

"నేనా? నేనెందుకు మరిచిపోతాను?" అని గయ్యిమంది. ఈ పిల్ల బయట ఎవరికి చేరవేస్తుందోనని తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"మొన్న మా తమ్ముడి పేరు ఎంతకీ గుర్తురాలేదమ్మా. అది కూడా లెక్కలోకి వస్తుందా?"