మేకు దాటిన పార

అడగని మాటకు జవాబు చెప్పకపోతే అది అబద్ధం కిందికి వస్తుందా? పదకొండేళ్లుగా దణ్ణం పెట్టుకున్న ప్రతిసారీ ఆవిడ దేవుణ్ణి అడిగేది ఇదే. ఆయన వింటాడు గాని పల్లెత్తు మాట అనడు.

సంగతి ఇంతే. పదకొండేళ్ల కిందట ఓ రోజు, రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న కొట్టం గేటుకు గడియ వెయ్యడం తను మరిచిపోయింది. బావగారి పాడి ఆవు బయటపడి లోయలోకి జారిపోయింది. తమ్ముడే దాన్ని తోలాడని ఆయన అన్నాడు. అన్నదమ్ములు కలబడ్డారు. ఆవిడ మొగుడికి ముందు పళ్లు రెండు ఊడాయి, బావగారి ఎడమ చెవి సగం తెగింది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అప్పట్నుంచి పక్కపక్క ఇళ్లు ఉప్పూ నిప్పూ. రెండు గుమ్మాల మధ్య దారిలో మంచు పడితే ఎవరి సగం వాళ్లే తీస్తారు. నడుమ పాతిన మేకు దాటి ఎవరి పారా పడదు.

ఆ చలికాలం కాలేజీవాళ్లు విదేశీ పిల్లనొకదాన్ని ఆర్నెల్లకు ఆవిడ ఇంట్లో ఉంచారు. కొండ మీద మంచు ఎలా జారుతుందో చదవడానికి వచ్చిందట. వారం తిరక్కుండానే పిన్నీ, బాబాయీ అంటూ ఇంట్లో కలిసిపోయింది. తడిసిన మేజోళ్లు పొయ్యి మీది తీగకు ఆరేసేది, పిండి కలిపేది, పెరట్లో మంచు లోతు కొలిచి పుస్తకంలో రాసుకునేది. “కరిగిపోయేదాన్ని కొలవడానికి ఇంత చదువా తల్లీ?” అని బాబాయి పళ్ల సందులోంచి నవ్వేవాడు. ఇంటి పనుల్లో చెయ్యి వెయ్యాలని కాలేజీ ఇచ్చిన కాగితంలో ఉంది. మేకు సంగతి మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది?

ఒక పొద్దున, మేకు మంచులో మునిగి ఉండగా, ఆ పిల్ల పార పుచ్చుకుని దారంతా శుభ్రం చేసింది, బావగారి గుమ్మం దాకా.

ఆయన తలుపు తీసి చూశాడు. నాకు చేతులు పడిపోయాయనుకుని పరాయి పిల్ల చేత నా వైపు మంచు తీయిస్తున్నావా అంటూ పార ఎత్తుకుని తమ్ముడి మీదికి వచ్చాడు. తమ్ముడు ఇంకో పారతో ఎదురెళ్లాడు. మొదటి దెబ్బకు బావగారి మోచెయ్యి పటుక్కుమంది. తప్పు తనదేనని చెప్పడానికి పిల్ల మధ్యలోకి ఉరికింది. పార అంచు తగిలి నుదురు చీలి, మంచు మీద కుప్పకూలింది. నెత్తురు పిల్ల కళ్లలోకి కారుతున్నా ఆ మగాళ్లకు అది కనపడలేదు.

ఆవిడ గుమ్మం దిగేసరికి మొగుడు అన్న గుండెల మీద కూర్చుని గొంతు నులుముతున్నాడు. “ఆవుని నేను తోలానా? చెప్పు, నేను తోలానా?” ఒక్కో మాటకూ అన్న తల గడ్డకట్టిన నేలకు కొట్టుకుంటోంది. బావగారి మొహం నల్లబడింది, మడమలు మంచుని తన్నడం మానేశాయి. ఇంకాస్త సేపైతే ఒకరు శవం, ఒకరు హంతకుడు.

ఆవిడ మొగుడి జుట్టు రెండు చేతులా పట్టి వెనక్కి లాగింది.

“ఆ గడియ వెయ్యనిది నేను.”

అతని వేళ్లు సడలాయి. లేచి ఆవిడ వైపు తిరిగి, చెంప ఛెళ్లుమనేలా ఒక్కటిచ్చాడు. ఇంకోటి ఎత్తాడు గాని, ఆ చెయ్యి దేనికి ఎత్తాడో మరిచినట్టు గాల్లోనే ఉండిపోయింది. ఆవిడ పక్కకు జరగలేదు. పెదవి చిట్లిన నెత్తురు మింగి, వంగి, తలగుడ్డ విప్పి పిల్ల నుదుటికి అదిమిపట్టింది. బావగారు పక్కకు దొర్లి దగ్గుతూ, ఏమన్నావని సైగ చేశాడు.

మొగుడికి చెప్పినంత మాత్రాన తీరదు. ఆ మాట బాకీ పడింది బావగారికే.

“మీ ఆవు పోయింది నా వల్లే, బావగారూ” అంది. “మీ తమ్ముడికి ఏ పాపం తెలీదు.”