తియ్యటి ఉప్పు

ధర్మవరంలో పట్టుకు రంగులు వేసే నరసప్ప కొడుకు గంగాధర బి.ఏ. పాసయ్యాడు. చదివింది చరిత్ర. పాసైన సంతోషంలో వీధంతా బొరుగులూ బెల్లమూ పంచారు గానీ, చరిత్ర చదివినవాడికి ఏ ఉద్యోగం ఇస్తారో పంచినవాళ్ళకూ తెలియదు, తిన్నవాళ్ళకూ తెలియదు. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాక, పందొమ్మిది వందల అరవై రెండులో, పెనుకొండ నుంచి కబురొచ్చింది. అక్కడొక బడిలో సైన్సు మేష్టరు పని ఖాళీగా ఉందట. బి.ఏ. అయినా పరవాలేదట. కాకపోతే ఏదైనా కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసి పాసైనట్టు సర్టిఫికెట్ తేవాలట. జూన్‌లో బడి తెరిచేలోపు తెస్తే ఉద్యోగం అతనిది, లేకపోతే ఇంకొకడిది.

లేకపోతే ఇంట్లో రంగు బాన ఉండనే ఉంది. "చదివింది చాలు, ఇంగ వచ్చి రంగు కలిపే కట్టె పట్టుకోప్పా" అని నరసప్ప అప్పటికే అనేశాడు. గంగాధరకు ఆ బానను తలుచుకుంటేనే గుండె ఝల్లుమనేది. మోచేతుల దాకా ఎరుపో నీలమో ఇంకిపోయి, పెళ్ళి పంక్తిలో కూర్చుంటే పక్కవాడు విస్తరి జరుపుకునే బతుకు అతనికి ససేమిరా వద్దు.

అందుకని కాలేజీ ఉన్న హిందూపురానికి రైలెక్కాడు. అక్కడ మేనత్త కుళ్ళాయమ్మ ఉంది. మొగుడు పోయిన దగ్గర్నుంచి కాలేజీ పిల్లలు కొందరికి తన ఇంట్లోనే వండిపెట్టి బతుకుతోంది. మేనల్లుణ్ణి చూసి పొంగిపోయింది.

"బియ్యే పాసైనోనివి మళ్ళా కాలేజికి ఎందుకు పోతాండావప్పా?"

"ఉప్పులు పరీక్ష చేయల్ల అత్తా. ఏది ఏ ఉప్పో కనుక్కోవల్ల."

"అయ్యో రామా! ఉప్పు తెలుసుకునేదానికి కాలేజి ఎందుకు? నా వంటింట్లో కూర్చో, పొద్దుమునిగేలోగా నేర్పిస్తా!" అని పకపకా నవ్వింది.

లాబ్‌లో మీసాలు కూడా రాని పిల్లల మధ్య గంగాధర నిలబడ్డాడు. పాఠం చెప్పే డిమాన్‌స్ట్రేటర్ పేరు ఆశీర్వాదం. ధర్మవరం బడిలో గంగాధరకంటే చిన్న తరగతి, అతని చేత మొట్టికాయలు తిన్నవాడు. ఇప్పుడు ఆ పెద్దమనిషిని 'సార్' అనాలి!

ఇంతకీ అక్కడి పని ఏమిటంటే, ఏదో ఒక పొడి చిటికెడు ఇస్తారు. దాన్ని కాల్చి, ఆసిడ్‌లో వేసి, వాసన చూసి, అదేమిటో తేల్చాలి. గంగాధరకు ఆ గాజు గొట్టాలతో పని బొత్తిగా చేతకాలేదు. కానీ రంగులవాళ్ళ ఇళ్ళలో ఒక అలవాటుంది. బానలో పులుపు చాలిందా, పటిక కరిగిందా అనేది వేలు ముంచి నాలిక్కి తాకించి చూసుకుంటారు, వెంటనే తుపుక్కున ఉమ్మేస్తారు. మొదటి రోజు ఎవరూ చూడకుండా గంగాధర ఆ పనే చేశాడు. వగరుగా తగిలింది. పటికే! కిటికీలోంచి ఉమ్మి, జవాబు ముందు రాసి, చేయని పరీక్షలన్నీ పుస్తకం చూసి ఆ పైన నింపాడు. మరునాడు నవాసారం, ఆ తర్వాత సోడా. అన్నీ నాయన డబ్బాల్లో ఉండేవే! ఆశీర్వాదం నోరు వెళ్ళబెట్టాడు.

"నీ చేతిలో ఏదో ఉండాది గంగాధరా!" అన్నాడు మెచ్చుకోలుగా.

చేతిలో కాదు నాయనా, నోట్లో! ఆ సంగతి చెప్పేంత వెర్రివాడా గంగాధర? అంతా తన తెలివే అన్నట్టు తలూపాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. బయటి ఊరి నుంచి ఎగ్జామినరు వచ్చి ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నాడు. గంగాధరకు తెల్లటి ఉప్పు వచ్చింది. ముక్కు తుడుచుకుంటున్నట్టు నటించి నాలిక్కి తాకించాడు. తియ్యగా ఉంది! వాళ్ళ రంగుల ఇంట్లో తియ్యటిది ఒక్కటీ లేదే! నమ్మకం కుదరక మళ్ళీ తాకించాడు. అచ్చం చక్కెరలాగే ఉంది. ఈసారి కాస్త ఎక్కువే వేసుకున్నాడు. మరి ఉమ్మాలా వద్దా? బి.ఏ. పాసైనవాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నవాడు, ఎగ్జామినరు ముందు తుపుక్కున ఉమ్ముతాడా? మర్యాదగా మింగాడు.

ఆశీర్వాదం అప్పుడే చూశాడు. "ఏం చేస్తాండావప్పా! ఉమ్ము! అది సీసం ఉప్పు, విషం!" అని గావుకేక పెట్టాడు.

ఆ కేకకే సగం కడుపు తిప్పింది. పక్కగదిలోకి మోసుకుపోయి ఉప్పునీళ్ళు తాగించి కక్కించారు. ప్రాణగండం తప్పింది గానీ, ఎగ్జామినరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరీక్షలో ఒకడు విషం తిన్నాడని పొక్కితే ముందు చుట్టుకునేది తన మెడకే. కేక విన్నారు గానీ సంగతేమిటో తెలియక తలుపు దగ్గర కాలేజీ పిల్లలంతా మూగారు. కుళ్ళాయమ్మ ఇంట్లో తినే పిల్లలూ వాళ్ళలో ఉన్నారు.

ఎగ్జామినరు ఆశీర్వాదాన్ని ఊరుకోమన్నట్టు సైగ చేసి, గంగాధర మీదికి వంగి మెల్లగా అన్నాడు. "చూడు బాబూ. ఉప్పు నాకావంటే పరీక్ష పోయినట్టే, మళ్ళీ ఏడాదికి రావాలి. అలాక్కాకుండా పొద్దున తిన్నది పడక నీకు కడుపు చెడిందనుకో, జబ్బుతో కూడా సీసమని కనుక్కున్నావని పాసు చేస్తాను. ఏమంటావు?" తర్వాత అందరికీ వినబడేలా అడిగాడు. "పొద్దున ఏం తిన్నావు?"

గంగాధర కళ్ళ ముందు రంగు బాన ఉడుకుతోంది.

"ఉగ్గాని సార్. మా అత్త ఇంట్లో." అంతటితో ఊరుకోలేదు. "నిన్నటి బొరుగులతో చేసినట్టుండాది."

నిన్నటి మాట అతన్నెవరూ అడగలేదు. అది తనంతట తానే కలిపాడు. బొరుగులు ఆమె తెల్లారి బజారుకెళ్ళి తెచ్చింది, అతను చూశాడు కూడా.

గంగాధర పాసయ్యాడు. మరుసటి రోజు కుళ్ళాయమ్మ ఇంటికి అన్నానికి ఒక్క పిల్లవాడు వచ్చాడు, వాడూ పెరుగు మాత్రం వేసుకుని తిన్నాడు. ఆ తర్వాత వాడూ రాలేదు. గిన్నెలకు కిలుం పట్టి తిండి విషమైందేమోనని ఆమె అన్నీ చింతపండుతో తోమి ఎండబెట్టింది, మళ్ళీ తోమింది. గంగాధర చూస్తూనే ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా నోరు విప్పలేదు, సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు కదా!

సర్టిఫికెట్ వచ్చింది. పెనుకొండలో చేరాల్సిన రోజు కుళ్ళాయమ్మ స్టేషను దాకా వచ్చింది. రైలు పెట్టె కిటికీ కమ్మీ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నీకేమన్నా అయ్యింటే మా అన్నకు యా మొగం చూపిద్దును? యా గిన్నెలో కిలుం ఉన్నిందో, బొరుగుల్లో ఏం పడిందో, నాకు తెలీకుండా అయిపాయ. తప్పైపాయ నాయనా, మనసులో పెట్టుకోవాకు."

"అత్తా..." అన్నాడు గంగాధర. ఇప్పుడు చెప్పినా ఉద్యోగం పోదేమో. పోతుందేమో కూడా.

ఆమె ఆకు పొట్లం అతని చేతిలో పెట్టింది.

"భయపడాకు, నేను చేసింది కాదులే. హోటలు ఇడ్లీలు. మంచి దినం పూట నా చేతి తిండి ఎందుకు నీకు?"

రైలు కదిలింది. మలుగూరు స్టేషను దాటాక గంగాధరకు ఆకలేసింది. పొట్లం విప్పి ఇడ్లీలన్నీ తిన్నాడు.