గాదె అలిగిన రోజులు

హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో మధ్యాహ్నం గంట మోగగానే మిషన్లు ఆపేవారు. డ్రయ్యర్ల వెనక గదిలో పొడుగు బల్ల ఒకటి ఉంది. ఎవరి డబ్బా వాళ్లు తెచ్చి, మూత తీసి బల్ల మధ్యలో పెట్టాలి. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకోవాలి. మిగిలిందంతా గాదె ముందుకు జరపాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు.

గాదె తెలుగువాడు. ఉతికే మిషన్లలో బట్టలు వేయడం, తడి బట్టలు తీసి డ్రయ్యరుకు మోయడం అతని పని. గాదె అతని పేరు కాదు. "మా ఇంట్లో ధాన్యం పోసే గాదె ఒకటుండేది. ఎంత పోసినా నిండేది కాదు. నాకూ అంతే" అని పనిలో చేరిన కొత్తలో తనే చెప్పాడు. ఆ పేరు ఉండిపోయింది.

అక్కడ పనిచేసేవాళ్లది తలో భాష. పని నడవడానికి అందరికీ వచ్చిన భాష ఒకటుంది. తిట్టుకోవడానికి మాత్రం ఎవరి భాష వారిదే. గాదె తినడం చూశాక, తిండిపోతును తమ భాషలో ఏమంటారో చెప్పుకోవడం బల్ల దగ్గర ఆటగా మారింది. మరకలు తీసే పెద్దాయన భాషలో అలాంటివాణ్ణి గొంతుకు బానిస అంటారు. వ్యాను డ్రైవరు భాషలో పొట్టకన్నా కళ్లు పెద్దవి అంటారు. మడతలు పెట్టే ఆవిడ భాషలో దానికొక మాట ఉంది. తినేద్దామని కాదు, రుచిగా ఉండి ఆపుకోలేక మొత్తం తినేశాను అని ఆ ఒక్క మాటకే అర్థం.

"అంటే తప్పు నాది కాదు, కూరది అన్నమాట" అన్నాడు గాదె. "మీవాళ్లు మంచివాళ్లమ్మా. మా అమ్మ ఇంత మర్యాదగా ఎప్పుడూ అనలేదు."

"మీ అమ్మ ఏమనేది?"

"మెక్కావా, బొక్కావా, కుమ్మావా, మింగి చచ్చావా. 'తిన్నావా' అనే మాట నేను బళ్లోకి వెళ్లాక విన్నాను."

తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అనే సామెత కూడా అతనే నేర్పాడు. పెద్దాయన దాన్ని ఎప్పుడూ తిరగేసి చెప్పేవాడు.

"చూశారా, నేను పనికి తిమ్మరాజునని పెద్దాయనే ఒప్పుకున్నాడు" అనేవాడు గాదె.

ఇస్త్రీ చేసే ఆవిడను గాదె అక్కా అని పిలిచేవాడు. అది విని మిగతావాళ్లూ అలాగే పిలిచేవారు. ఆవిడది పిచ్చుక తిండి. ఆవిడ డబ్బాలో సగం పైన గాదెకే వెళ్లేది. మధ్యాహ్నం తర్వాత ఇద్దరూ కలిసి రోలరు దగ్గర పనిచేసేవారు. తడి దుప్పటిని ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకుని, బిగలాగి, వేడి రోలరు కిందికి పంపాలి. ఇద్దరి పట్టూ సమానంగా ఉంటేనే దుప్పటి ముడత లేకుండా అవతలికి వస్తుంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క వంతు వచ్చింది.

"మా భాషలో మనుషులు తినడానికి ఒక మాట, పశువులు తినడానికి ఒక మాట" అంది. "ఇదిగో, వీడిలా తినేవాళ్లకి రెండోది వాడతాం."

బల్ల అంతా నవ్వింది. గాదె కూడా నవ్వాడు. నోట్లో ఉన్న ముక్కను చాలాసేపు నమిలాడు. నీళ్లు తాగాడు. మళ్లీ తాగాడు. లేచి బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చి, ఆకలి లేదని డబ్బాలన్నీ వెనక్కి జరిపాడు. మర్నాడు రెండు ముద్దలు తిని లేచాడు. ఆ మర్నాడూ అంతే.

"అలిగాడు" అన్నాడు డ్రైవరు.

"పశువు అంటే అలగడా మరి?" అంది మడతలావిడ. "నువ్వు కూడా భలేదానివి అక్కా."

అక్క ఆ సాయంత్రం మిషన్ల దగ్గరికి వెళ్లింది. గాదె తడి తువ్వాళ్లు తీస్తున్నాడు.

"నోరు జారింది తమ్ముడూ. మనసులో పెట్టుకోకు."

అతను తువ్వాళ్ల వంకే చూస్తూ అన్నాడు: "ఏముందిలే అక్కా. పశువుకి గడ్డి చాలు."

ఆ జవాబుతో, అలిగాడా లేదా అన్న అనుమానం ఆవిడకు తీరిపోయింది. బల్ల దగ్గర ఆ ఆట ఆపేశారు. ఎవరైనా మరిచిపోయి ఒక మాట మొదలుపెడితే పక్కవాళ్లు మోచేత్తో పొడిచేవారు. తలా ఒకటి వండి తెచ్చి గాదె ముందు పెట్టేవారు. అతను మూతలు తీసి వాసన చూసి, "బావుంది, తర్వాత తింటాను" అనేవాడు. అక్క ఒకరోజు కూరగాయల సూపు తెచ్చింది. దాన్ని తాగాడు. కోపం దిగుతోందని ఆవిడ సంతోషించింది. అప్పటి నుంచి రోజూ సూపే తెచ్చింది. ముందు సూపు తాగుతాడు, తర్వాత అన్నం తింటాడు, ఆ తర్వాత మాట్లాడతాడు అని మడతలావిడతో చెప్పింది.

అన్నం దాకా రాలేదు. సూపు కూడా సగం మిగలడం మొదలైంది.

వానలు వెనకబట్టాక ఒకరోజు రోలరు దగ్గర దుప్పట్లు వంకరగా రాసాగాయి. ప్రతి దుప్పటీ గాదె వైపు జారి, ముడతపడి బయటికి వచ్చింది. అక్క కొన్నింటిని తీసి మళ్లీ తడిపింది. ఓపిక పోయింది.

"కోపం ఉంటే నామీద చూపించు. దుప్పటి ఏం చేసింది?"

"లాగుతూనే ఉన్నానక్కా."

"ఏం లాగడం అది? చంటిపిల్లాడు లాగినట్టుంది."

అతను దుప్పటి వదిలి, జారిపోతున్న ఏప్రాన్ ముడి విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఒకప్పుడు ఆ నాడాల కొసలు అతని నడుము వెనక కష్టమ్మీద కలిసేవి. ఇప్పుడు నడుము చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, ఇంకా మిగిలి వేలాడాయి. అక్క రోలరు ఆపే ఎర్ర బొత్తాం నొక్కింది. చెయ్యి ఇరుక్కుంటే తప్ప ఆ బొత్తాం ఎవరూ నొక్కరు. అందరూ పరిగెత్తుకొచ్చారు.

"ఏం లేదు, వెళ్లండి" అందావిడ. వాళ్లు వెళ్లాక అడిగింది. "ఏమైంది నీకు?"

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఎందుకు అలిగావనే అడిగారు.

"దిగడం లేదక్కా" అన్నాడు గాదె గొంతు కింద వేలు పెట్టి. "ఇక్కడ ఆగిపోతోంది. మొదట మాంసం. తర్వాత అన్నం. ఇప్పుడు నీ సూపు."

"నేను ఆ మాట అన్నప్పటి నుంచా?"

"అంతకు ముందు నుంచే. ఆ రోజు ముక్క అడ్డం పడింది. బయటికి వెళ్లి కక్కాను."

"మరి కోపం?"

"నీమీద నాకు కోపమేమిటి? వచ్చిందని నువ్వు అనుకున్నావు. నేను అనుకోనిచ్చాను." అతను దుప్పటి కొస మడిచాడు, విప్పాడు. "అలిగినవాణ్ణి బతిమాలతారక్కా. జబ్బు చేసినవాణ్ణి ఇంటికి పంపిస్తారు."

అతను ఉండేది బాయిలరు పైన గదిలో. ఉద్యోగంతో పాటు ఇచ్చిన గది అది. ఉద్యోగం పోతే అదీ పోతుంది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. గొట్టం వేసి చూడాలి, పరీక్షకి రమ్మన్నాడు."

"వెళ్లావా?"

"వెళితే తెలిసిపోతుంది కదా."

"ఎవరికి, మేనేజరుకా?"

"నాకు."

అక్క అతన్ని తన భాషలో తిట్టింది. ఏమందో అతనికి అర్థం కాలేదు. తిడుతూనే ఏప్రాన్ విప్పి వంకెకు తగిలించింది, అతని ఏప్రాన్ కూడా విప్పింది, చెయ్యి పట్టుకుని మేనేజరు గది ముందు నుంచే బయటికి తీసుకుపోయింది.

పరీక్ష అయ్యాక డాక్టరు ఆవిడను గాదె చుట్టమనుకుని లోపలికి పిలిచాడు. ఆవిడ కాదనలేదు. ఆహారనాళంలో రాచపుండు, కాలేయం దాకా పాకింది. కోసి తీయడానికి లేదు. తిండి పంపడానికి పొట్టలోకి ఒక గొట్టం పెడతామన్నాడు.

"వానల ముందు తీసుకొచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లం. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

సూపు కాస్తున్నానని ఆవిడ చెప్పలేదు.

మేనేజరు నెలాఖరు వరకు గది ఉంచుకోమన్నాడు. గాదె గొట్టంతో ఆ గదికి తిరిగి వచ్చాడు. అతను వచ్చాడని తెలిసి ఆ మధ్యాహ్నం బల్ల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. అతని కళ్లముందు తినడం బావుండదనుకున్నారు. డ్రైవరు వ్యానులో తిన్నాడు. పెద్దాయన మరకల గదిలో తలుపు వేసుకున్నాడు. మడతలావిడ, అక్క డ్రయ్యర్ల సందులో డబ్బాలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

గాదె మెట్లు దిగి వచ్చి ఖాళీ బల్లను చూశాడు.

"ఏమిటిది? నేను పోకముందే సంతాపసభ పెట్టారా?" అని కేకేశాడు. కేక పెద్దగా రాలేదు కానీ అందరికీ వినిపించింది. "పెద్దాయనా, రా బయటికి. మరకలు ఎక్కడికీ పోవు."

ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. మూతలు తీశారు. ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"తినండి" అన్నాడు గాదె. "నేనూ తింటాను. నా డబ్బా నేను తెచ్చుకున్నాను."

అతను సంచిలోంచి ఒక సీసా తీశాడు. అందులో పిండి కలిపిన పాలలాంటిది ఉంది. పిస్టన్ తీసేసిన సిరంజి ఒకటి తీసి, చొక్కా కింది గొట్టానికి తగిలించాడు. పైకెత్తి పట్టుకుని పోయాలి. ఎత్తు పెంచితే వేగంగా దిగుతుంది, దించితే నెమ్మదిస్తుంది. ఆసుపత్రిలో నర్సు పట్టుకునేది. అతని చెయ్యి అంతసేపు నిలవడం లేదు.

"అక్కా, కాస్త పట్టుకో."

అక్క లేచి పక్కన నిలబడి సిరంజి అందుకుంది. ఇంకో చేత్తో సీసా వంచింది. చెయ్యి ఎక్కువ ఎత్తిందేమో, ఒక్కసారిగా గుడగుడమంటూ దిగింది.

"నెమ్మదక్కా, నెమ్మది. అంత ఆబగా పోయకు. గాదె ఇంతకు ముందులా లేదు."

డ్రైవరు నవ్వబోయి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చున్నాడు.

"నములు పెద్దాయనా" అన్నాడు గాదె. "ఎలా ఉంది? కారం సరిపోయిందా?"

"సరిపోయింది."

"ఇంకో ముద్ద పెట్టుకో. చూడనీ."

పెద్దాయన పెట్టుకున్నాడు. మడతలావిడ మొదలుపెట్టింది. డ్రైవరు కూడా తిన్నాడు. గాదె వాళ్ల చేతుల వంక, దవడల వంక మార్చి మార్చి చూశాడు. అక్క చెయ్యి కొద్దిగా దించింది. సిరంజిలో పాలు దాదాపు కదలనట్టే దిగుతున్నాయి. పని గంట మోగింది. సిరంజిలో ఇంకా సగం ఉంది. అక్క చెయ్యి మార్చుకుంది.