కబాసో బావ దగ్గర లాక్కున్న దారి

జాంబియాలో మా ఎన్గోనీ తెగకూ, కబాసో వాళ్ళ బెంబా తెగకూ బావామరదళ్ళ వరస. ఏం తిట్టుకున్నా, ఒకరి చేతిలోది ఇంకొకరు లాక్కున్నా కోపం తెచ్చుకోకూడదు. అతను లుసాకాలో, నేను, తొకోజిలేని, చిపాటాలో, ఇద్దరం ఒకే కంపెనీ ఇంజనీర్లం. నెట్‌వర్క్‌లో ఏ సమాచారం ఏ ఊళ్ళ మీదుగా పోవాలో లేబుళ్ళు వేసి, దారి రాసిపెట్టడం మా పని.

ఆ మంగళవారం పొద్దున రోడ్డు తవ్వే యంత్రం మా రెండు కేబుళ్ళలో పెద్దదాన్ని పుటుక్కున తెంపేసింది. మిగిలిన చిన్నదాన్ని కబాసో మొత్తంగా పెద్దసార్ల వీడియో మీటింగుకి రాసిచ్చేశాడు. మా అక్క కూతురేమో మూడురోజుల పసిగుడ్డు. పదింటికి దాని గుండె స్కాన్‌ని ఇక్కడి ఆసుపత్రి నుంచి పంపితే లుసాకా డాక్టరు చూడాలి. పదిన్నరకి ఆయన ఆపరేషన్‌కి వెళ్ళిపోతాడు.

కబాసోకి ఫోన్ చేశాను. "బావా, కాస్త చోటియ్యి. పాప పెదాలు నీలంగా ఉన్నాయి."

"ఎలకలు తినే మొహానికి చోటు కావాలట! ఉత్తరం పెట్టుకో, తొకోజిలే! సంతకాలకి రెండ్రోజులు," అన్నాడు. పక్కన పెద్దసారు దగ్గు వినిపించింది.

"కోతుల్ని తినేవాడివి, నీకు జాలెక్కడిది! నేనే లాక్కుంటా, పో!"

మా దారులకు రెండు అంకెలుంటాయి. ఎదుటివాణ్ణి నెట్టే బలానికొకటి, కూర్చున్న చోటు వదలని బలానికొకటి. సున్నా అన్నిటికన్నా పెద్ద, ఏడు చిన్న. ఆసుపత్రి దారికి నెట్టే బలం సున్నా పెట్టాను. అయినా దారి తెరుచుకోలేదు. చూస్తే అతని దారికి వదలని బలం కూడా సున్నాయే; సమానమైతే నెట్టలేం. ఛీ, వీడి మొండితనం మండ! పదీ ఏడయింది. రెండోసారి కొట్టినా అంతే, ఏడుపొచ్చేసింది.

మూడోసారి కొట్టగానే దారి తెరుచుకుంది. "డాక్టరు కనిపిస్తున్నాడే!" అని అక్క ఆసుపత్రి నుంచి ఫోన్లో అరిచింది. నమ్మలేక మళ్ళీ చూశాను. నిమిషం క్రితం ఎవరో అతని సున్నాని ఏడు చేశారు. పక్కనే పేరుంది, కబాసో.

అంతలో అతనే ఫోన్ చేశాడు. "దొంగ మొహమా! మా మీటింగే తెంపేస్తావా? చూశారా సార్, ఎన్గోనీల బుద్ధి!"

పెద్దసారూ బెంబానే. పగలబడి నవ్వాడు. "మరదలు దోచుకుపోతే ఎవరికి చెప్పుకుంటామయ్యా!"

ఫోన్లో తలుపు చప్పుడైంది. కబాసో బయటికొచ్చి గొంతు తగ్గించాడు. "పాపని చూస్తున్నాడా?"

"చూస్తున్నాడు బావా."

"చూడనీ. ఆయన చూసేదాకా నీ దొంగతనం ఎలా జరిగిందో నాకు బొత్తిగా అర్థం కాదులే."

పదీ ఇరవై అయిదుకి డాక్టరు మందులతో తగ్గిపోతుందన్నాడు. ఆ మరునిమిషమే కబాసోకి అంతా అర్థమైపోయింది, దారి మళ్ళీ మీటింగుకి వెళ్ళిపోయింది.