అది సైరన్ కాదు, పాట

పాట మొదలైన కాసేపటికే ప్లాంటంతా ఖాళీ అయిపోయింది. పూజారి హారతి పళ్లెం కంప్రెసర్ మీదే వదిలేసి పోయాడు. కొట్టాల్సిన కొబ్బరికాయలు నేలమీద దొర్లుతున్నాయి. స్పీకర్ పక్కన, చేతిలో ఫోనుతో చంద్రకాంత్ ఒక్కడే మిగిలాడు. జనం ఎందుకు పరుగెత్తారో మొదట అతనికి అంతు పట్టలేదు. అలా పరుగెత్తమని వాళ్లకు నేర్పింది తానేనని ఆ తర్వాతే గుర్తొచ్చింది.

ఈ సంగతి తెలియాలంటే ముందు 'మొగులు' సంగతి తెలియాలి.

మబ్బును ఈ వైపు మొగులు అంటారు. హైదరాబాద్ కుర్రాళ్లు నలుగురు కలిసి తమ బ్యాండుకు ఆ పేరు పెట్టుకున్నారు. డప్పు, గిటారు, గొంతు చించుకునే పాటగాడు. వాళ్ల మొదటి రెండు ఆల్బమ్‌లూ మోగని పెళ్లి బరాత్ పటాన్‌చెరు చుట్టుపక్కల లేదు. ఇస్నాపూర్‌లో వినాయకుణ్ణి సాగనంపేటప్పుడు ఆ పాటలకు ఎగిరి ఎగిరి, మర్నాడు నడవలేకపోయినవాళ్లలో చంద్రకాంత్, అతని దోస్తు సుధీర్ కూడా ఉన్నారు. సుధీర్ తండ్రి ఎప్పుడో భీమవరం నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. చంద్రకాంత్‌ది కర్దనూర్. తండ్రి ఎల్లయ్యది వ్యవసాయం. ఆ ఇంటికి డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాడు చంద్రకాంత్. ఇప్పుడు దోస్తులిద్దరూ కాజీపల్లిలో ఒకే మందుల కంపెనీలో ఉన్నారు. సుధీర్ ప్రొడక్షన్‌లో పర్మనెంటు. చంద్రకాంత్ సేఫ్టీలో ట్రైనీ.

మూడో ఆల్బమ్‌కు మొగులు మారిపోయింది. పాటగాడు వెళ్లిపోయాడు. మాటలు తగ్గాయి. నాలుగో దాంట్లో మాటలే లేవు. సుధీర్ ఫోన్లో నాలుగు ముక్కలు విని కట్టేశాడు.

"పోయార్రా, మనోళ్లు పోయారు. చిందేయడానికి పాటడిగితే నిద్రమాత్ర చేతిలో పెట్టారు" అన్నాడు.

చంద్రకాంత్ వినకుండానే తలూపాడు. తలూపి రెండేళ్లు గడిపేశాడు.

ఆ నాలుగో ఆల్బమ్ అతనికి కంపెనీ బస్సులో, తానేమీ వెతక్కుండానే దొరికింది. పాత పాటల వరస అయిపోయి ఫోను తనంతట తాను ముందుకు పోయింది. చెవుల్లో సన్నటి హోరు మొదలైంది. ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించే హోరు. ఫోను పాడైందనుకొని తీసి చూశాడు. బాగానే ఉంది. హోరు అడుగున ఎక్కడో డప్పు వినిపించింది. పక్క ఊళ్లో కొడుతుంటే గాలి ఇటు మోసుకొచ్చి, అంతలోనే వెనక్కి లాక్కుపోతున్నట్టుంది. తర్వాత ఒక ఆడగొంతు. పాడటం కాదు, పనిలో ఉన్న మనిషి తనలో తాను కూనిరాగం తీస్తున్నట్టు. కిటికీ బయట రోజూ చూసే పొగగొట్టాలే, రోజూ చూసే కాంపౌండు గోడలే. ఆ చప్పుడుతో కలిపి చూస్తే, వాటిని ఇన్నాళ్లూ సరిగ్గా చూడనేలేదనిపించింది.

"సారూ, దిగుతవా? షెడ్డుకొస్తవా నాతోని?" అని డ్రైవర్ అరిచేదాకా బస్సు ఖాళీ అయిందని అతనికి తెలియలేదు.

చిన్నప్పటి నుంచి ఏది మంచిదో చంద్రకాంత్‌కు ఎవరో ఒకరు చెబుతూనే వచ్చారు. టీచర్లు చెప్పిన గ్రూపు తీసుకున్నాడు. తండ్రి చూపించిన కాలేజీలో చేరాడు. దోస్తు మెచ్చిన పాటను మెచ్చాడు. ఎవరూ చెప్పకుండా, పైగా అందరూ ఛీ అన్నదాన్ని తానొక్కడే ఇష్టపడటం అదే మొదలు. సంతోషంతోపాటు కొంచెం భయం కూడా వేసింది. ఇంకొక్క మనిషైనా దీన్ని పక్కన కూర్చొని వింటే బాగుండుననిపించింది.

ఇంట్లో స్పీకర్ మీద పెట్టి చూశాడు. ఎల్లయ్య పరుగున లోపలికి వచ్చాడు.

"మోటరు గాలిందా ఏందిరా? గా సప్పుడేంది?"

"పాట నాయినా."

"పాటనా? మరి మాటలేవి?"

"మాటలుండయ్."

ఎల్లయ్య గడప మీద కూర్చొని ఓపిగ్గానే విన్నాడు. విని, "మరి గది పాటని నీకెట్ల తెల్సింది కొడుకా?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

సుధీర్ సంగతి చెప్పక్కర్లేదు. "ఒరేయ్, డ్యూటీలో చిల్లింగ్ ప్లాంట్ మోత వినలేక నేను చస్తుంటే, నువ్వు డబ్బులు కట్టి మరీ వింటున్నావేంట్రా?" అని క్యాంటీన్లో అందరి ముందూ నవ్వాడు.

నవ్వినా చంద్రకాంత్ మానలేదు. అందులో మూడో పాటంటే అతనికి ప్రాణం. అడుగు నుంచి ఒక ధ్వని మెల్లగా లేస్తుంది. లేచి లేచి, ఇక లేవలేదనుకున్న చోట ఇంకా పైకి పోయి, జారి, మళ్లీ లేస్తుంది. అది జారినప్పుడల్లా అతనికి గుండె కూడా జారేది. ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ ఏర్పాట్లు సేఫ్టీ మేనేజర్ సునంద మేడం చంద్రకాంత్‌కే అప్పగించింది.

"పూజ సాఫీగా జరిపించు చంద్రకాంత్. నీ పర్మనెంటు సంగతి పండగ కాగానే తేల్చేస్తాను" అంది.

ఇంకేం కావాలి? ఎల్లయ్య అప్పుడే వాడకట్టంతా చెప్పుకున్నాడు, కొడుకు పర్మనెంటు అయిపోయాడని.

పండగనాడు పొద్దున్నే టెంట్‌హౌస్ లారీ వచ్చింది. కుర్చీలు, వంటపాత్రలు, బగారా అన్నం వండే గుండిగలు. ముందు గేటు ఎండీ కారు కోసం ఖాళీగా ఉంచాలని మేడం మాట. చంద్రకాంత్ డ్రైవర్‌ను వెనక గేటుకు పంపి అక్కడ లారీని అడ్డంగా పెట్టించాడు. జెర సేపే కదా అనుకున్నాడు.

తర్వాత మిషన్లు ఆపారు. బాయిలర్, కంప్రెసర్లు, చిల్లింగ్ ప్లాంటు, ఒకదాని తర్వాత ఒకటి. ఏడాది పొడుగునా మోగే ప్లాంటు నోరు మూసుకునేది ఆ ఒక్క పూటే. పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. గోడకున్న సైరన్‌కు కూడా ఎవరో బొట్టు పెట్టి దండ వేశారు.

"చంద్రం సార్, మొగులు తీన్మార్ గొట్టు!" అన్నాడు బాయిలర్ నర్సింహులు, అప్పుడే లుంగీ పైకి కట్టి.

"పూజైనంక కొడ్త అన్నా. ఇప్పుడు జెర నిమ్మలమైంది ఏస్త."

ఆ నిశ్శబ్దంలో నాలుగో ఆల్బమ్ వినాలని అతనికి ఎంత ఆశగా ఉందో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. పూజ పాటల్లాగా కలిసిపోతుందిలే అని పెట్టేశాడు. మొదటి రెండు పాటలూ కలిసిపోయాయి కూడా. ఊడ్చే నర్సింహమ్మ పూలగంప దింపి, "మంచిగనే ఉన్నది బిడ్డా. కండ్లు మూస్తే నిద్రొస్తది" అంది. అంతకన్న మెచ్చుకోలు అతనికి అక్కర్లేదు. ముఖం వెలిగిపోయింది.

మూడో పాట మొదలైంది. అడుగు నుంచి ధ్వని లేచింది. పైకి పోయింది, జారింది, మళ్లీ లేచింది.

నర్సింహులు చేతిలో కొబ్బరికాయ జారవిడిచి తల పైకెత్తి చూశాడు, గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డసంచి కేసి. ఎవరో "గ్యాస్!" అన్నారు. అంతే. జేబురుమాళ్లు నీళ్ల బిందెల్లో మునిగాయి, ముక్కులకెక్కాయి. ప్రతి నెలా చంద్రకాంత్ క్లాసులో చెప్పిందే. సైరన్ లేచి పడుతుంటే లీకైందని అర్థం. మిషన్లు ఆగినా ట్యాంకుల్లో సరుకు ఉంటుంది, ఎప్పుడూ నమ్మకండి. గాలి వచ్చే దిక్కుకు పరుగెత్తండి. పాఠం తప్పకుండా అందరూ అప్పజెప్పారు.

వందసార్లు విన్న చెవికి అది పాటగానే వినిపించింది. ఇంకొకరికి ఎలా వినిపిస్తుందో తట్టలేదు. సేఫ్టీ మనిషికే తట్టలేదు.

గాలి వెనక గేటు వైపు నుంచి వీస్తోంది.

లారీ గుర్తొచ్చి, పాట కట్టేసి చంద్రకాంత్ పరుగెత్తాడు. వెళ్లేసరికే జనం గేటు దగ్గర కుప్పపడ్డారు. లారీకీ గేటుకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు. డ్రైవర్ తాళం జేబులో వేసుకొని టీకి పోయాడు. వెనకున్నవాళ్లు తోస్తున్నారు, ముందున్నవాళ్లు ఇనుపరేకులకు నొక్కుకుపోయి అరుస్తున్నారు.

"ఆగుండ్రి! సైరన్ కాదు! అది పాట! పాటే!"

ఎవరూ వినలేదు. నర్సింహులు భుజం పట్టి లాగితే అతను తిరిగి చూశాడు.

"ఏంది?"

"పాట అన్నా. నేనే పెట్టిన."

నర్సింహులు తడిగుడ్డ ముక్కు మీంచి తీశాడు. "నీ పాట సల్లగుండ!" అన్నాడు. ఆ మాట వెనక్కి పాకింది. ఒకడు తిట్టాడు, ఇంకొకడు పగలబడి నవ్వాడు, నవ్వు అందరికీ అంటుకుంది. సుధీర్ లారీ చక్రం పట్టుకొని కూలబడి, "చెప్పానా? నాలుగో ఆల్బమ్ మనల్ని చంపుతుందని చెప్పానా లేదా?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

నర్సింహమ్మ మాత్రం నవ్వలేదు. తోపులాటలో పడింది. మోకాలు చీరుకుపోయి చీరకు నెత్తురంటింది. కింద కూర్చొనే లారీని చూసి, గేటును చూసి అంది:

"బిడ్డా, నిజంగ గ్యాసే అయితే, గీడ్నే సచ్చిపోదుము గదా అందరం?"

నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరే లారీ కేసి తిరిగారు. మిషన్లు లేని ఆ నిశ్శబ్దం ఇప్పుడు వేరేగా ఉంది.

సునంద మేడం అతన్ని పక్కకు లాగింది.

"ఎండీ గారు వచ్చేస్తున్నారు. మాక్ డ్రిల్ అని చెబుతాను. పండగనాడు కూడా డ్రిల్ చేశారని మెచ్చుకుంటారు. నువ్వు నోరు విప్పకు."

"తలూపరా బాబూ" అని గొణిగాడు సుధీర్. "వరం ఇస్తుంటే బేరమాడకు."

చంద్రకాంత్ తలూపబోయాడు. తండ్రి వాడకట్టంతా చెప్పుకున్నది కళ్లముందు మెదిలింది. మెడ మాత్రం కదల్లేదు.

"మేడం, డ్రిల్ అంటే గేటు సంగతేం చెప్తం?"

"గేటు సంగతి ఎవరడిగారు?"

"నర్సింహమ్మ అడిగింది మేడం."

ఎండీ వచ్చాక చంద్రకాంత్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పాట తనదే, లారీ అక్కడ పెట్టించింది తానే. ఎండీ కోప్పడలేదు. గేటు దాకా నడిచి, ఆ సందులో చెయ్యి పెట్టి చూసి, ముఖం పాలిపోయి వెనక్కి వచ్చాడు. "ముందు దీన్ని తీయించండి. ఇంకెప్పుడూ ఇక్కడ సైకిల్ కూడా కనబడకూడదు" అన్నాడు. ఆయన వెళ్లాక మేడం నెమ్మదిగా చెప్పింది: "పర్మనెంటు మాట ఇప్పుడు మరిచిపో. ట్రైనింగ్ పొడిగిస్తున్నాను." చంద్రకాంత్ సరే మేడం అన్నాడు. నాయినకు ఎలా చెప్పాలో ఆలోచించబోయాడు, ఆలోచన ముందుకు సాగలేదు.

పూజ పూర్తయింది. నర్సింహమ్మ మోకాలికి కట్టు కట్టారు. బగారా, మటన్ వడ్డించారు. నర్సింహులు పళ్లెంతో వచ్చి చంద్రకాంత్ పక్కన కూర్చున్నాడు.

"ఇగ గా పాట పెట్టు సారూ. దేనికురికినమో ఒక్కపారి పురాగ ఇందాం."

"వద్దన్నా."

"పెట్టు బిడ్డా" అంది నర్సింహమ్మ. "గింత నెత్తురు పోగొట్టుకున్న. ఇనొద్దా?"

పెట్టాడు. ఈసారి అందరికీ తెలుసు. కొందరు ముందే నవ్వడానికి సిద్ధమయ్యారు. ధ్వని అడుగు నుంచి లేచింది. పైకి పోయింది, జారింది, మళ్లీ లేచింది. పళ్లేల్లో వేళ్లు ఆగాయి. ఎవరూ నవ్వలేదు. నర్సింహులు చూపు గుడ్డసంచి మీదికి పోయింది. నిద్రమాత్ర అన్న సుధీరే అందరికన్న ముందు లేచి నిలబడ్డాడు. తాను లేచినట్టు కూడా అతనికి తెలిసినట్టు లేదు.

చంద్రకాంత్ అతని కేసి చూసి, తానూ నిలబడే ఉన్నానని గమనించాడు. వెనక గేటు బార్లా తెరిచి ఉంది. అవతల ఎండలో రోడ్డు ఖాళీగా కనిపిస్తోంది. అయినా గుండె గేటుకు కొట్టుకుంటున్నట్టే ఉంది. ఇదేనా తాను ప్రాణం పెట్టుకున్న పాట? ఇందులో ఇంత భయం మొదటి నుంచీ ఉందా? ఉండే ఉంటుంది. బస్సులో మెత్తటి సీటులో కూర్చొని విన్నాడు కాబట్టి వినిపించలేదు.

ధ్వని జారిపోయాక దూరం నుంచి డప్పు వచ్చింది. ఇన్నాళ్లూ అది ఎవరిదో పెళ్లి డప్పనుకున్నాడు. ఇప్పుడు అది పెళ్లిదో, చావుదో చెప్పలేడు.

"అయిపోయిందా బిడ్డా?" అని అడిగింది నర్సింహమ్మ. కట్టు కట్టిన కాలితో ఆమె కూడా లేచి గోడ పట్టుకొని నిలబడి ఉంది.

"ఇంకున్నదమ్మా" అన్నాడు చంద్రకాంత్, గేటు మీంచి చూపు తిప్పకుండా.